రోటరీకి మైలేజీ అడగొచ్చా?

అమ్మకి వీడియో కాల్‌లో మా గ్యారేజీలో ఉన్న కారు చూపించాను. ఎర్ర రంగు, బల్లపరుపు ఒళ్లు, అవసరం లేనప్పుడు కళ్లు మూసుకున్నట్టు లోపలికి ముడుచుకునే హెడ్‌లైట్లు. 1985 మాజ్డా ఆర్‌ఎక్స్-7. అమ్మ కాసేపు చూసి, "బాగానే ఉంది గానీ మైలేజీ ఎంతిస్తుంది?" అంది. కారు ఓనరు, అంటే మా రూమ్మేట్, ఫోన్ ఫ్రేమ్‌లోంచి మెల్లగా పక్కకి జరిగాడు.

లీటరుకి అయిదున్నర కిలోమీటర్లు అని చెప్పాను. వెనక నుంచి నాన్న గొంతు: "లారీ కొన్నాడా?"

నవ్వుకున్నాం కానీ, ఆ ప్రశ్నే తర్వాతి నాలుగు నెలలు మా ఇద్దరి శని, ఆదివారాలు తినేసింది. మావాడు డల్లాస్ వచ్చిన దగ్గర్నుంచీ మూడేళ్లు దాచుకున్న డబ్బులో పెద్ద వాటా ఆ కారుకే పోసాడు. ఆఫీసుకి కూడా అందులోనే వెళ్తాడు. వారానికి రెండుసార్లు బంకు దగ్గర నిలబడటం మొదలయ్యాక, ఒక రాత్రి బిర్యానీ తింటూ అన్నాడు: "మామా, కార్బ్యురేటర్ పీకేసి ఫ్యూయల్ ఇంజెక్షన్ పెట్టేద్దాం. కంప్యూటర్ పని నువ్వు చూసుకో." కంప్యూటర్ అన్న మాట వినగానే నాకు ఎక్కడలేని ధైర్యం వచ్చేస్తుంది. అదే నా జబ్బు.

ముందు ఈ ఇంజిన్ సంగతి కొంచెం చెప్పాలి. లేకపోతే మిగతాది అర్థం కాదు.

మన బైకులో, కారులో పిస్టన్ పైకీ కిందకీ కదులుతుంది. రోటరీలో పిస్టన్ ఉండదు. సమోసా ఆకారంలో, అంచులు కాస్త ఉబ్బిన మూడు మూలల రోటర్ ఒకటి, నడుం నొక్కిన గుడ్డులాంటి గదిలో గుండ్రంగా తిరుగుతుంది. మావాడి కారులో రెండు రోటర్లు, ఒక్కోటి 654 సీసీ, మొత్తం 1308. ఈ అంకె దగ్గరే మనవాళ్లు మోసపోతారు. 1.3 లీటర్ అంటే మన దగ్గర చిన్న హ్యాచ్‌బ్యాక్ ఇంజిన్ సైజు కదా, మరి పెట్రోలు ఇంత ఎందుకు తాగుతుంది అని. నాలుగు స్ట్రోకుల ఇంజిన్‌లో ఒక్కో సిలిండర్ షాఫ్ట్ రెండు చుట్లు తిరిగితే ఒకసారి మండుతుంది. రోటరీలో ఒక్కో రోటర్ షాఫ్ట్ ప్రతి చుట్టుకీ ఒకసారి మండుతుంది. అంటే గాలి మింగే లెక్కలో ఇది 2.6 లీటర్ ఇంజిన్‌తో సమానం. పోల్చాల్సింది దానితో.

పోనీ 2.6 లీటర్‌తో పోల్చినా రోటరీ వెనకే ఉంటుంది. కారణం వంటింట్లోనే ఉంది. ఒకే గరిటెడు పిండిని బోండాలా వేస్తే లోపల వేడి చాలాసేపు నిలుస్తుంది. దోశలా పరిస్తే క్షణాల్లో చల్లారుతుంది. పిస్టన్ ఇంజిన్‌లో మంట మండే చోటు బోండాలాంటిది. రోటరీలో అది పల్చగా, పొడుగ్గా ఉండే దోశ, అదీ కదులుతున్న దోశ. మంటలోని వేడి చుట్టూ ఉన్న లోహంలోకి పారిపోతుంది. ఆ పొడుగు గదిలో మంట చివరి మూల దాకా చేరేసరికి ఎగ్జాస్ట్ తెరుచుకుంటుంది. అందుకే ఒక్కో రోటర్‌కి రెండేసి స్పార్క్ ప్లగ్గులు పెట్టారు. అయినా కొంత పెట్రోలు సగం మండి, సైలెన్సర్‌లోకి వెళ్లి అక్కడ మిగతా పని పూర్తి చేస్తుంది. రోటరీ ఎగ్జాస్ట్ అంత వేడిగా ఉండేది, అప్పుడప్పుడూ నిప్పులు కక్కేది అందుకే.

మాజ్డాకి ఇది తెలియని సంగతి కాదు. 1967లో రెండు రోటర్ల కాస్మో స్పోర్ట్‌ని రోడ్డెక్కించి, ఆ తర్వాత తన కార్లలో చాలావాటిలో ఇదే ఇంజిన్ పెట్టుకుంటూ పోయిన కంపెనీ అది. 1973లో చమురు సంక్షోభం వచ్చేసరికి అమెరికాలో ఆ కార్ల అమ్మకాలు కుప్పకూలాయి. కంపెనీ మునిగిపోకుండా సుమిటోమో బ్యాంకు వచ్చి ఆదుకోవాల్సి వచ్చింది. అప్పుడు ఇంజినీర్లు పెట్టుకున్న టార్గెట్ 40 శాతం పెట్రోలు ఆదా. దానికి పెట్టుకున్న పేరు ఫీనిక్స్, బూడిదలోంచి లేచే పక్షి. ఆ కష్టంలోంచి పుట్టిందే 1978 నాటి మొదటి ఆర్‌ఎక్స్-7. అంటే మా గ్యారేజీలో ఉన్నది మైలేజీ కోసం చెమటోడ్చి తయారు చేసిన ఇంజిన్ వంశమే. అమ్మకి ఈ మాట చెప్పలేదు, నమ్మదు.

మరి మావాడి కారుకి ఏమైంది? పాత ఓనరు చెయ్యి చేసుకున్నాడు. కారుతో వచ్చిన చిన్న 12ఏ ఇంజిన్ తీసేసి 13బీ ఎక్కించాడు. గాలి లోపలికి వచ్చే రంధ్రం పైన కనుబొమ్మలాంటి ఇంకో చీలిక కోయించాడు. రెంటికీ మధ్య సన్నటి లోహపు వంతెన మిగులుతుంది, అందుకే దీన్ని బ్రిడ్జ్‌పోర్ట్ అంటారు. దానిమీద చేటంత నోళ్లున్న రేసింగ్ కార్బ్యురేటర్. ఎనిమిది వేల ఆర్‌పీఎం దగ్గర ఈ ఇంజిన్ పాడే పాట వింటే ఎవరైనా కిడ్నీ అమ్ముకుని కొనేస్తారు. సిగ్నల్ దగ్గర మాత్రం జ్వరం వచ్చినట్టు వణుకుతూ, బ్రాప్ బ్రాప్ బ్రాప్ అని మూలుగుతుంది.

ఆ మూలుగులోనే మైలేజీ రహస్యం ఉంది. రంధ్రం పెద్దదైతే గాలి వచ్చే దారి, పొగ పోయే దారి రెండూ కాసేపు ఒకేసారి తెరుచుకుని ఉంటాయి. వేగంగా తిరిగేటప్పుడు అది వరం. నెమ్మదిగా ఉన్నప్పుడు లోపలి పొగ వెనక్కి తన్ని, వచ్చే గాలిని కార్బ్యురేటర్ నోట్లోంచి బయటికి నెట్టేస్తుంది. ఇక కార్బ్యురేటర్‌కి బుర్ర లేదు. తన సన్నటి గొంతులోంచి గాలి వెళ్తే పెట్రోలు పీల్చి కలపడం ఒక్కటే దానికి తెలుసు. గాలి లోపలికి వెళ్లినప్పుడు ఒకసారి కలుపుతుంది, వెనక్కి తన్నినప్పుడు ఇంకోసారి, మళ్లీ లోపలికి వెళ్లేటప్పుడు మూడోసారి. ఒకే గాలికి మూడుసార్లు పెట్రోలు! ఫిల్టర్ తీసి చూస్తే కార్బ్యురేటర్ నోటి ముందు పెట్రోలు మంచు తెరలా గాల్లో వేలాడుతూ కనిపించేది. టార్చి వేసి దాన్ని చూసినప్పుడు మావాడి మొహం నాకింకా గుర్తుంది. తన జీతం పొగమంచులా తేలుతున్నట్టు చూశాడు.

ఇంజెక్షన్ సిద్ధాంతం సింపుల్. గాలి ముందుకెళ్లిందా వెనక్కొచ్చిందా అన్నదానితో ఇంజెక్టర్‌కి పనిలేదు. ఈసీయూ ఒక చుట్టుకి ఇన్ని మిల్లీ సెకన్లు తెరువు అంటే అంతే తెరుచుకుంటుంది. పైగా రోడ్డు మీద యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేస్తే ఈసీయూ పెట్రోలు పూర్తిగా ఆపేయగలదు. కార్బ్యురేటర్‌లో ఐడిల్ జెట్ అప్పుడూ చుక్కలు వదులుతూనే ఉంటుంది.

ఖర్చు దగ్గరికొస్తే సిద్ధాంతం అంత సింపుల్ కాదు. కార్బ్యురేటర్‌కి మూడు, నాలుగు పీఎస్‌ఐ ప్రెషర్ చాలు. ఇంజెక్టర్లకి నలభై పైన కావాలి. అంటే కొత్త పంపు, కొత్త పైపులు, మిగిలిన పెట్రోలు ట్యాంకులోకి తిరిగెళ్లే లైను. ఆపైన థ్రాటిల్ బాడీ, నాలుగు ఇంజెక్టర్లు, సెన్సర్లు, వైరింగ్, ఈసీయూ, ఎగ్జాస్ట్‌లో ఆక్సిజన్ కొలిచే వైడ్‌బ్యాండ్ సెన్సర్. సగం సెకండ్ హ్యాండ్‌లో కొన్నా 2,400 డాలర్లు తేలింది. ఇంకో తలనొప్పి, నూనె. రోటర్ మూలల్లో ఉండే సీల్స్ గది గోడని రాసుకుంటూ తిరుగుతాయి. వాటి కోసం కంపెనీ పంపు ఒకటి, కాస్త ఇంజిన్ ఆయిల్‌ని కార్బ్యురేటర్ దగ్గరే కలిపేది. కార్బ్యురేటర్ పోతే ఆ దారీ పోతుంది. కాబట్టి ఇప్పుడు ట్యాంకు నింపినప్పుడల్లా గ్యాలన్‌కి ఔన్సు చొప్పున టూ-స్ట్రోక్ ఆయిల్ మేమే పోస్తున్నాం. మా నాన్న స్కూటర్‌కి పోసినట్టే. అమెరికా వచ్చి ఇంత చదువు చదివి, చివరికి ఆయిల్ డబ్బా పట్టుకుని బంకులో నిలబడ్డాం.

నాలుగు వారాంతాల్లో బిగించాం. ఇంజిన్ రెండో ప్రయత్నంలోనే స్టార్ట్ అయింది. ల్యాప్‌టాప్‌లో 16 అడ్డ వరుసలు, 16 నిలువు వరుసల పట్టిక. ఒక్కో గడిలో ఏ ఆర్‌పీఎం దగ్గర, ఎంత లోడ్‌లో, ఎంత పెట్రోలు పోయాలన్న అంకె. 256 గడులు చేత్తో ఎవడు నింపుతాడు? ఆటోట్యూన్ ఉందిగా! వైడ్‌బ్యాండ్ చూసి, పెట్రోలు తక్కువైతే పెంచుతుంది, ఎక్కువైతే తగ్గిస్తుంది. ఆన్ చేశాను. "నువ్వు ఆఫీసుకి వెళ్లొస్తుండు, రెండు వారాల్లో అదే నేర్చుకుంటుంది" అని భరోసా ఇచ్చాను.

రెండు వారాల తర్వాత మైలేజీ లీటరుకి 4.9. కార్బ్యురేటర్ ఇచ్చిన 5.5 కన్నా తక్కువ.

మావాడు ఏమీ అనలేదు. అదే ఎక్కువ బాధ. బంకు రసీదులన్నీ వరసగా డైనింగ్ టేబుల్ మీద పెట్టి, స్నానానికి వెళ్లిపోయాడు. నేను రాత్రి రెండింటి దాకా లాగ్‌లు తిరగేశాను. ఐడిల్ దగ్గర గడుల్లో అంకెలు రోజురోజుకీ పెరుగుతూ పోయాయి. సెన్సర్ మాత్రం ప్రతిరోజూ "పెట్రోలు చాలడం లేదు, చాలడం లేదు" అంటోంది. ప్లగ్గులు తీసి చూస్తే నల్లగా, తడిగా ఉన్నాయి. చాలని పెట్రోలుకి ప్లగ్గు తడవదు కదా.

ఫోర్ట్‌వర్త్ వైపు, దశాబ్దాలుగా రోటరీలు మాత్రమే విప్పుతున్న ఒక పెద్దాయన ఉన్నారని విని బండి తీసుకెళ్లాం. ఆయన ల్యాప్‌టాప్ వైపు చూడలేదు. ఎగ్జాస్ట్ దగ్గర నిలబడి వాసన చూశారు, బ్రాప్ బ్రాప్ విన్నారు. మా ఊళ్లో బైక్ మెకానిక్ స్క్రూ తిప్పేముందు తల పక్కకి వంచి ఎలా వినేవాడో అచ్చం అలాగే. విని, ఒక్కటే అడిగారు: "ఆ సెన్సర్ కొలిచేది పెట్రోలునా, ఆక్సిజన్‌నా?"

అక్కడ నాకు బల్బు వెలిగింది. సెన్సర్ చూసేది ఎగ్జాస్ట్‌లో మిగిలిన ఆక్సిజన్‌ని. బ్రిడ్జ్‌పోర్ట్ ఇంజిన్ ఐడిల్‌లో సగంసార్లు సరిగ్గా అంటుకోదు. అంటుకోనప్పుడు పెట్రోలూ, గాలీ రెండూ మండకుండానే బయటికి పోతాయి. దానికి తోడు రెండు దారులూ తెరిచి ఉన్నప్పుడు కొంత తాజా గాలి నేరుగా ఎగ్జాస్ట్‌లోకి జారుకుంటుంది. సెన్సర్‌కి బోలెడు ఆక్సిజన్ కనిపిస్తుంది, అంటే పెట్రోలు తక్కువైందని చెప్తుంది. ఆటోట్యూన్ ఇంకాస్త పోస్తుంది. ప్లగ్గు ఇంకాస్త తడుస్తుంది. ఇంకా ఎక్కువసార్లు మంట తప్పుతుంది. ఇంకా ఎక్కువ ఆక్సిజన్. మళ్లీ పోయి! ఆఫీసులో తప్పు మెట్రిక్ చూసి సర్వర్లు పెంచుకుంటూ పోయిన ఆటోస్కేలింగ్ స్క్రిప్టు మీద పెద్ద రివ్యూ రాసింది నేనే. అదే బగ్‌ని ఇంటికి తెచ్చి మావాడి ఇంజిన్‌లో పెట్టాను.

పెద్దాయన చెప్పినట్టు ఐడిల్, తక్కువ లోడ్ గడుల్లో ఆటోట్యూన్ ఆపేశాం. వాక్యూమ్ రీడింగు అక్కడ కప్పలా గెంతుతోంది కాబట్టి, లోడ్ లెక్కకి దాన్ని వదిలేసి థ్రాటిల్ ఎంత తెరిచామన్నది పట్టుకున్నాం. ఆ గడుల్లో అంకెలు చేత్తో ఒక్కో పాయింటు తగ్గిస్తూ, ఇంజిన్ వణుకు ఎక్కడ మొదలవుతుందో విని, అక్కణ్నుంచి కొంచెం పైకి తెచ్చి ఆపాం. సాయంత్రానికి ఎగ్జాస్ట్ దగ్గర కళ్లు మండటం ఆగింది. బయల్దేరేటప్పుడు పెద్దాయన వేలు చూపించి మరీ చెప్పారు: ఫుల్ థ్రాటిల్ లాగ్ ఒకసారి జాగ్రత్తగా చూసుకునేదాకా తొక్కొద్దు అని.

మావాడు హైవే ఎక్కగానే తొక్కాడు.

నా ఒళ్లో ల్యాప్‌టాప్. 13బీలో ఒక్కో రోటర్‌కి రెండు ఇంజెక్టర్లు. చిన్నగా వెళ్తున్నప్పుడు మొదటిది చాలు, లోడ్ పెరిగాక రెండోది తోడవుతుంది. ఇన్నాళ్లూ ఆఫీసు ట్రాఫిక్‌లో ఆ రెండోదానికి పనే పడలేదు. ఇప్పుడు పడింది. 12.8 ఉండాల్సిన అంకె 14.8కి ఎగిరింది. నిండా మండుతున్న ఇంజిన్, మంట తప్పడం లేదు, అంటే ఈసారి సెన్సర్ అబద్ధం చెప్పడం లేదు. "వదిలెయ్ రా, వదిలెయ్!" అని అరిచాను. వదిలేశాడు. వెనక టప్, టప్ అని రెండు శబ్దాలు. ఇద్దరం ఇంటిదాకా మాట్లాడుకోలేదు.

గాలి ఎక్కువై పెట్రోలు తగ్గితే లోపల పేలుడు లాంటి మంట పుడుతుంది, రోటర్ మూలల్లోని సీల్ విరుగుతుంది. విరిగిన ముక్క గది గోడని గీకేసిందంటే ఇంజిన్ మొత్తం విప్పాల్సిందే. టర్బో ఉన్న ఇంజిన్‌కైతే ఒక్క క్షణం చాలు. మాది టర్బో లేనిది కాబట్టి కాస్త ఓర్చుకుంటుందని నాకు తెలుసు. కాస్త అంటే ఎంతో తెలీదు. మావాడి మూడేళ్ల పొదుపు ఆ "కాస్త" మీద నిలబడి ఉంది.

ఆ రాత్రే కారణం దొరికింది. రెండో జత ఇంజెక్టర్లు కూడా మొదటివాటిలాగే 550 సీసీవి. నేను సెట్టింగులో 720 అని కొట్టాను. పెద్దవి అనుకుని ఈసీయూ తక్కువసేపు తెరిచింది. ఒక్క అంకె. కోడ్ రివ్యూ లేదు, టెస్టింగ్ లేదు, నేరుగా ప్రొడక్షన్.

పొద్దున్నే ప్లగ్గు తీసి, గేజ్‌లోని వాల్వ్ పీకేసి కంప్రెషన్ చూశాం. ఒక్కో రోటర్‌కి మూడు ముఖాలు, కాబట్టి స్టార్టర్ తిప్పితే ముల్లు మూడుసార్లు ఎగరాలి, మూడూ ఒకే ఎత్తులో. ఒక్కటి కుంటితే సీల్ పోయినట్టే. మావాడు కీ తిప్పుతుంటే నేను ముల్లు చూస్తున్నాను. ఛఫ్, ఛఫ్, ఛఫ్. ముందు రోటర్ సమానం. వెనక రోటర్‌కి గేజ్ మార్చేటప్పుడు నా చేతులు జారుతున్నాయి. ఛఫ్, ఛఫ్, ఛఫ్. అదీ సమానమే. "ఏమైంది చెప్పు మామా" అని లోపల్నుంచి అరుస్తున్నాడు. నాకు వెంటనే గొంతు పెగల్లేదు.

అంకె సరిదిద్ది, మిగతా గడులు ఒక నెల ఓపిగ్గా చూసుకుంటే ఇప్పుడు లీటరుకి 6.8 దగ్గర నిలబడింది. లాభం ఎక్కడ వచ్చిందో లాగ్ చూస్తే తెలుస్తుంది. చాలావరకు సిగ్నళ్ల దగ్గర, ట్రాఫిక్‌లో పాకేటప్పుడు, కాలు తీసేసినప్పుడు. హైవే మీద ఒకే స్పీడులో కొంత. ఫుల్ థ్రాటిల్‌లో ఏమీ లేదు, ఎందుకంటే అక్కడ కార్బ్యురేటర్ కూడా కావలసినంతే పోసేది. కాబట్టి కోతలు లేని రోటరీకి, కంపెనీ ఇచ్చిన చిన్న నోళ్ల కార్బ్యురేటర్ సరిగ్గా సెట్ చేసి ఉంటే, ఇంజెక్షన్‌తో ఇంత తేడా ఆశించొద్దు. మేం తగ్గించింది కనుబొమ్మ చీలిక తెచ్చిన నష్టంలో కొంత. దోశ లెక్క ఏ ఈసీయూ మార్చలేదు.

డబ్బు లెక్క కూడా చెప్పేస్తా, మీరు అడిగేలోపు. ఏడాదికి ఆరు వేల మైళ్లు, అంటే దాదాపు 87 గ్యాలన్లు మిగులు. గ్యాలన్ మూడు డాలర్లు వేసుకుంటే 261 డాలర్లు. పెట్టిన 2,400 తిరిగి రావడానికి తొమ్మిదేళ్లు దాటుతుంది. అది కూడా నా శని, ఆదివారాలు ఫ్రీ అనుకుంటే. మైలేజీ కోసమే అయితే ఈ పని చెయ్యొద్దని ఎవరడిగినా చెప్తాను. చలికాలం పొద్దున ఒక్క తిప్పుకే స్టార్ట్ అవుతుంది, బట్టలకి పెట్రోలు వాసన రావడం లేదు, పచ్చి పెట్రోలు గోడమీది నూనెని కడిగేయడం తగ్గింది కాబట్టి సీల్స్ ఎక్కువ కాలం బతుకుతాయి. వీటికి డబ్బు పెట్టాం అనుకుంటే మనశ్శాంతి.

మావాడికి మాత్రం ఒక వెలితి ఉంది. కాలు తీసేస్తే పెట్రోలు ఆగిపోతోంది కాబట్టి సైలెన్సర్‌లోంచి మంటలు రావడం మానేశాయి. రాత్రిళ్లు ఫ్రెండ్స్ ముందు అవి చూపించడం వాడికి మహా సరదా. "ఆ ఫ్యూయల్ కట్ ఒక్కటి ఆఫ్ చేసే బటన్ పెట్టలేవా?" అని పోయిన ఆదివారం అడిగాడు. మైలేజీ ఎంత పడుతుందో లెక్కేసి చెప్పాను. ఆలోచించి చెప్తానన్నాడు. పాత కార్బ్యురేటర్ని ఒక టీషర్టులో చుట్టి, బట్టల బీరువాలో తన పెళ్లి షేర్వానీ పక్కన పెట్టుకున్నాడు.